ముందు ఇరవై రూపాయల పని

బిడ్డా,

గేర్ల సైకిల్ కొన్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. బిల్లు 28,000 అయిందట. ఏడాదికి ఇంకో 1,700 కడితే దొంగతనానికీ దెబ్బతినడానికీ బీమా ఇస్తామని దుకాణంలో అన్నారని, వారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారని నిన్న ఫోన్‌లో అన్నావు. "పెద్దనాయినా, కట్టాలా వద్దా, ఒక్క మాట చెప్పు" అని అడిగావు. ఒక్క మాటే కావాలంటే, వద్దు. కానీ ఎందుకు వద్దో తెలిస్తేనే ఏది కావాలో నీకు తెలుస్తుంది. ఈ రెండో సంగతి మీ ఇంటికి చాలా అవసరం. అందుకే కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువు.

బీమా విషయంలో నేను పట్టుకున్న సూత్రం ఒకటే. పోతే ఇల్లు తట్టుకోలేనిది ఏదో దానికి బీమా చేయించాలి. పోతే నాలుగు రోజులు బాధపడి, మూడు నెలలు ఖర్చు తగ్గించుకుని మళ్లీ కొనుక్కోగలిగినదానికి అక్కర్లేదు. నీ సైకిల్ రెండో రకం. నువ్వు నెలకు 24,000 తెచ్చుకుంటున్నావు. సైకిల్ పోతే కళ్లలో నీళ్లు తిరుగుతాయి, కాదనను. కానీ ఇంట్లో పొయ్యి ఆగదు.

ఇక లెక్క చూద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. సైకిల్‌కు చేసే బీమా మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది. ఆ 1,700లో దాదాపు 260 రూపాయలు పన్నుకే పోతాయి. మిగిలినదాంట్లో అమ్మినవాళ్ల కమిషన్, కంపెనీ ఖర్చులు కూడా ఉంటాయి. సైకిల్ పోయిందనే అనుకో. బిల్లు మీదున్న 28,000 చేతికి రావు. వాడిన కాలాన్నిబట్టి తరుగు తీస్తారు, ప్రతి క్లెయిమ్‌లో మనం భరించాల్సిన వాటా కూడా తీస్తారు. అంతా పోగా 20,000 వచ్చిందనుకున్నా, ఏడాదికి 1,700 చొప్పున పన్నెండేళ్లు కడితే అంత మొత్తం నువ్వే పెట్టినట్టవుతుంది. అంటే పన్నెండేళ్లకోసారైనా సైకిల్ పోతేనే ఈ బేరం సరిపోతుంది. రెండో ఏడాది సైకిల్ విలువ ఇంకా తగ్గుతుంది, వచ్చేది 15,000 అనుకుంటే తొమ్మిదేళ్లకోసారి పోవాలి. రాత్రిపూట నీ సైకిల్ ఇంటి లోపల ఉంటుంది. పగలు ఫ్యాక్టరీ స్టాండులో, గేటు దగ్గర సెక్యూరిటీ కళ్ల ముందు ఉంటుంది. అన్నేళ్లకోసారి పోయేంత అజాగ్రత్త మనిషివి కాదు నువ్వు.

రిపేర్ల సంగతి కూడా ఇంతే. టైరు అరిగిందన్నా, చైను తెగిందన్నా, బ్రేకు తీగ పోయిందన్నా బీమావాళ్లు అరుగుదల అంటారు, ఇవ్వరు. రిమ్ము వంగితే ఇవ్వచ్చుగానీ, మన వాటా తీసేశాక మిగిలేదాని కోసం ఫోటోలు పంపి, సర్వేయర్‌కు చూపించి, బిల్లులు అప్‌లోడ్ చేసే తిప్పలు పడాలి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? పటాన్‌చెరులో మెకానిక్ దగ్గర ఆ పని మధ్యాహ్నానికల్లా అయిపోతుంది.

ఆ కాగితంలో చిన్నక్షరాల్లో ఉన్నది ఒకసారి చదువు. తాళం వేయకుండా వదిలి వెళితే వర్తించదని ఉంటుంది. సైకిల్ ఉండి లైటో, బెల్లో, సీటో మాత్రమే పోతే ఇవ్వమని ఉంటుంది. పందేలకు, కిరాయికి, డెలివరీ పనికి వాడితే చెల్లదని ఉంటుంది. మీ తమ్ముడు ఇంటర్‌లో చేరాక ఆదివారాలు నీ సైకిల్ తీసుకుని తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లకు తిండి పొట్లాలు చేరవేస్తానంటున్నాడు గదా. అప్పుడు జరిగిందానికి నువ్వు కట్టిన ప్రీమియం ఎందుకూ పనికిరాదు.

పోలీసుల సంగతి కూడా తెలుసుకో, ఇది చాలామందికి తెలియదు. దొంగతనం క్లెయిమ్‌కు ఏ బీమా కంపెనీ అయినా ఎఫ్‌ఐఆర్ అడుగుతుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టాల్లో 5,000 రూపాయల లోపు విలువగల వస్తువు దొంగతనాన్ని వేరుచేశారు. దాన్ని పోలీసులు మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా దర్యాప్తు చేయడానికి వీల్లేని నేరాల్లో పెట్టారు. కాబట్టి పాత సైకిల్ పోయిందని బీడీఎల్ భానూర్ ఠాణాకు పోతే ఫిర్యాదు రాసుకుంటారుగానీ ఎఫ్‌ఐఆర్ రాకపోవచ్చు. అది వాళ్ల తప్పు కాదు, చట్టం అలా ఉంది. నీ సైకిల్ విలువ ఎక్కువ కాబట్టి ఎఫ్‌ఐఆర్ హక్కు నీకు ఉంటుంది, కానీ ఆ విలువను నువ్వు చూపించాలి. స్కూటర్‌కు ఆర్సీ ఉంటుంది, సైకిల్‌కు ఏముంది? వెనకటి రోజుల్లో పంచాయతీకి పన్ను కడితే ఒక బిళ్ల ఇచ్చేవాళ్లు, అదైనా ఒక గుర్తు. ఇప్పుడు దుకాణం బిల్లు ఒక్కటే నీ సైకిల్‌కు జన్మపత్రిక. దాన్ని పారేయకు. పెడల్స్ కలిసేచోట, ఫ్రేము అడుగున ఒక నంబరు చెక్కి ఉంటుంది. సైకిల్ తిరగేసి దాన్ని ఫోటో తీసుకో, బిల్లు మీద కూడా ఆ నంబరు రాయించు. సైకిల్ పక్కన నువ్వు నిలబడ్డ ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంచుకో. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు. దొరికిన సైకిల్ ఠాణా ఆవరణలో పడి ఉన్నప్పుడు ఇది నాదే అని చెప్పుకోవడానికి ఇవే దిక్కు.

పటాన్‌చెరు బస్టాండు దగ్గర డబ్బులు తీసుకునే స్టాండులో పెట్టి సిటీ బస్సు ఎక్కే రోజులుంటాయి నీకు. ఆ టోకెన్ భద్రంగా ఉంచుకో. రుసుము తీసుకుని వస్తువు అప్పగించుకున్నవాడు దాన్ని తన సొంత వస్తువులా కాపాడాలని మన కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. "మా బాధ్యత లేదు" అని గోడ మీద పెద్దక్షరాలతో రాసినంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదు.

1,700లో సగం పెట్టి మంచి తాళం కొను. సన్నటి తీగ తాళం కటింగ్ ప్లేయర్‌తో తెగిపోతుంది. ఉక్కు కడ్డీతో యు ఆకారంలో ఉండేదో, మందపాటి గొలుసో తీసుకో. ముందు చక్రానికి మాత్రమే వేస్తే చక్రం వదిలేసి మిగతాది ఎత్తుకుపోతారు. ఫ్రేమునూ వెనక చక్రాన్నీ కలిపి, భూమిలో పాతిన ఇనుప స్తంభానికి వేయాలి.

సైకిల్ బీమా ఎవరికీ పనికిరాదని మాత్రం నేను అనను. నీతో పాటు ఆదివారాలు ఔటర్ రింగు రోడ్డు పక్కన తొక్కేవాళ్లలో లక్ష, లక్షన్నర పెట్టి కొన్నవాళ్లు ఉంటారు. 2023 అక్టోబరు 1న మొదలైన ఆ సైకిల్ దారి 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు, ఒక కొస మన పక్కన కొల్లూరు దాకా వస్తుంది. కార్బన్ ఫ్రేము పగిలితే అతుకు వేయడం మామూలు మెకానిక్ వల్ల కాదు. గదుల్లో నలుగురితో కలిసి ఉంటూ, సైకిల్ మెట్ల కింద పెట్టుకునేవాళ్లకు దొంగ భయం కూడా ఎక్కువే. వాళ్లు లెక్క వేసుకుంటే బీమా వైపు మొగ్గవచ్చు. అప్పుడు కూడా సైకిల్‌కు విడిగా తీసుకునేముందు ఇంటి బీమా చూడాలి. ప్రభుత్వ రంగ కంపెనీల గృహస్థుల ప్యాకేజీ పాలసీల్లో పెడల్ సైకిళ్లకు ఒక విభాగమే ఉంటూ వచ్చింది. నిప్పు, దొంగతనం, ప్రమాదం, ఇంకా సైకిల్ వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి కొంత మొత్తం కూడా అందులో కలిపేవాళ్లు. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ ఒకే తీరుగా అమ్మాల్సిన భారత్ గృహ రక్షలో ఆ సౌకర్యం లేదు. నిప్పో, తుపానో, వరదో వచ్చిన ఏడు రోజుల్లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనానికే అది ఇస్తుంది. ఉత్తపుణ్యానికి తలుపు పగలగొట్టి ఎత్తుకుపోతే ఇవ్వదు, దానికి విడిగా కట్టాలి. ఇంటికి బీమా ఉందిగదా అని ధీమాగా ఉండేవాళ్లకు ఇది చెప్పు.

ఇక అసలు సంగతికి వస్తా.

ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ హాజరు పట్టీలతో పాటు యాక్సిడెంట్ రిపోర్టులు కూడా నా చేతి మీదుగానే పోయేవి. మిషన్‌లో వేలు పడ్డవాళ్లవి ఎన్ని రాశానో, తొవ్వలో బండి గుద్దినవాళ్లవీ అలాగే రాశాను. మన వెనక వరుస గదుల్లో ఉండే ఒడిశా అబ్బాయి నీకు గుర్తుండే ఉంటాడు. రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే వెనకనుంచి టిప్పర్ తగిలి, ఆగకుండా పోయింది. మరుసటి రోజు సైకిల్ నేనే తెప్పించాను. ముందు చక్రం వంగింది, హ్యాండిల్ పక్కకు తిరిగింది. కొన్ని వందల రూపాయలతో బాగైంది. అతని తొడ ఎముకకు కడ్డీ వేశారు. నెలల తరబడి అడుగు కింద పెట్టలేకపోయాడు. ఊళ్లో తల్లికి పంపే డబ్బు ఆగింది. ఆ ప్రమాదంలో ఎవరికి బీమా అవసరమైందో నువ్వే చెప్పు.

అతణ్ని కాపాడింది అతని ఫోన్‌లో ఉన్న పది అంకెల ఈఎస్ఐ నంబరు. 1948 నాటి ఈఎస్ఐ చట్టానికి 2010లో ఒక సవరణ చేసి 51-ఈ అనే సెక్షన్ చేర్చారు. ఇంటి నుంచి డ్యూటీకి, డ్యూటీ నుంచి ఇంటికి పోయే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనిలో జరిగిన ప్రమాదంగానే లెక్కించాలని అందులో ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఆ రక్షణను కొనసాగించింది. నడిచి పోతున్నావా, సైకిల్ మీద పోతున్నావా, బస్సులోనా అని చట్టం చూడదు. సమయం, చోటు, పరిస్థితి ఉద్యోగంతో ముడిపడి ఉన్నాయా అని మాత్రం చూస్తుంది. అందుకే గేటు పంచ్‌లో పడిన సమయం, ఎఫ్‌ఐఆర్‌లో రాసిన సమయం, ప్రమాదం జరిగిన చోటు మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి. డ్యూటీ దిగాక మూడు గంటలు ఎక్కడో గడిపి, వేరే తొవ్వలో పడితే ఆ ముడి నిరూపించడం కష్టం. ముడి కుదిరితే కోలుకునేదాకా సగటు జీతంలో 90 శాతం ఇస్తారు. దానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు జరిగినా వర్తిస్తుంది. ప్రాణం పోతే భార్యాపిల్లలకు నెలనెలా వస్తుంది. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, మనకు దూరం కూడా కాదు.

ఈ ఈఎస్ఐ 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకే. 2017 జనవరి నుంచి అదే హద్దు. నీకు వర్తించదు, మీ నాయినకు వర్తిస్తుంది. ఇన్ని మాటలు రాసింది ఇక్కడికి రావడానికే.

మీ నాయిన పాత అట్లాస్ మీద చీకటితో పోయి చీకటితో వస్తాడు. ఆ సైకిల్‌కు ఎవరూ బీమా ఇవ్వరు, విలువ కట్టేవాడు కూడా ఉండడు. దాన్ని చేసిన కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీయే 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే ఆగిపోయింది. నీ కొత్త సైకిల్ గురించి ఇంట్లో వారం నుంచి మాట్లాడుకుంటున్నారు, మంచిదే. కానీ పటాన్‌చెరు–శంకర్‌పల్లి రోడ్డు మీద కంకర టిప్పర్ల మధ్య, వెనక లైటు లేకుండా, యాభై దాటిన వయసులో గార్డు డ్యూటీకి తొక్కుకుంటూ పోయే మనిషి గురించి ఎవరైనా ఒక్క కాగితం తీసి చూశారా? నా తమ్ముడు తనంతట తాను అడగడు. చిన్నప్పటినుంచీ అంతే, తన అవసరం నోటితో చెప్పడు. అందుకే నీకు చెబుతున్నా.

అతని జీతం చీటీ తీసి చూడు. ఈఎస్ఐ కింద 0.75 శాతం కోసుకున్నట్టు ఉండాలి. 15,000 జీతానికి అది 113 రూపాయలు. కాంట్రాక్టరు తన వాటా 3.25 శాతం కలిపి కట్టాలి. చీటీలో కోత ఉండి ఈఎస్ఐలో కట్టకపోయే బాపతు కూడా ఉంటుంది కాబట్టి, ఆ పది అంకెల నంబరుతో ఈఎస్ఐ వెబ్‌సైట్‌లో ఏ నెలకు ఎంత జమైందో చూడు. అసలు కోతే లేకపోతే నాతో చెప్పు. కాంట్రాక్టరు కట్టకపోతే ఆ పని చేయించుకునే ప్రధాన యజమాని కట్టాలని చట్టం చెబుతుంది. ఆ మాట ఎక్కడ, ఎలా అడగాలో నాకు తెలుసు. అదే చీటీలో పీఎఫ్ కోత ఉంటే, ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే గరిష్ఠంగా 7 లక్షల దాకా ఇచ్చే బీమా దానికి అనుబంధంగా ఉంటుంది. దానికి విడిగా ప్రీమియం లేదు, నామినీ పేరు ఎక్కించి ఉండాలి, అంతే.

తరువాత ఇరవై రూపాయల పని. ప్రధానమంత్రి సురక్షా బీమా 2015 మే 9న మొదలైంది. అప్పుడు ఏడాదికి 12 రూపాయలు, 2022 జూన్ నుంచి 20. పద్దెనిమిది నుంచి డెబ్భై ఏళ్లలోపు, బ్యాంకు ఖాతా ఉన్న ఎవరైనా చేరవచ్చు. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. రెండు కళ్లు, లేదా రెండు చేతులు, లేదా రెండు కాళ్లు, లేదా ఒక కన్నుతో పాటు ఒక చేయో కాలో పోయినా 2 లక్షలు. ఒక్క కన్నో, ఒక చేయో, ఒక కాలో పోతే లక్ష. దీని హద్దు కూడా తెలిసి ఉండాలి. కాలు విరిగి మూడు నెలలు మంచం పట్టి, మళ్లీ లేచి నడిస్తే ఇందులో పైసా రాదు. ఆసుపత్రి ఖర్చు కూడా రాదు. అయినా ఇరవై రూపాయలకు ఇంత భరోసా ఇంకెక్కడా దొరకదు. మే నెల చివరి వారంలో ఖాతాలోంచి అదే కోసుకుంటుంది. ఆ సమయంలో ఖాతాలో ఇరవై రూపాయలు కూడా లేక పాలసీ ఆగిపోయినవాళ్లు మన చుట్టూ ఉన్నారు. రెండు బ్యాంకుల్లో రెండుసార్లు కట్టినా ఒక్కదానికే వర్తిస్తుంది.

మీ నాయినది జన్‌ధన్ ఖాతా. దాని రూపే కార్డు మీద కూడా ప్రమాద బీమా ఉంది. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన ఖాతాలకు 2 లక్షలు, అంతకు ముందువాటికి లక్ష. షరతు ఏమంటే, ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలి. బీరువాలో చీరల కింద దాచిపెట్టిన కార్డుకు బీమా ఉండదు. రెండు నెలలకోసారి ఏటీఎంలో వంద రూపాయలైనా తీయమని మీ అమ్మకు చెప్పు.

నీ సంగతి చూద్దాం. దారిలో ప్రమాదం జరిగితే యజమానిని పరిహారం అడిగే హక్కు చట్టంలో ఉన్నా, మంచంలో ఉన్నన్నాళ్లూ నెలనెలా చేతికి డబ్బు తెచ్చే ఈఎస్ఐ ఏర్పాటు నీకు లేదు. కాబట్టి సైకిల్‌కు కాదు, నీకు వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకో. 1,700 కంటే తక్కువకే పది లక్షలకు దొరుకుతుంది. తపాలా శాఖ పేమెంట్స్ బ్యాంకు ద్వారా కూడా కొన్ని వందల రూపాయలకు ఇలాంటివి ఇస్తున్నారు. తీసుకునేటప్పుడు రెండు మాటలు అడుగు. పని చేయలేని వారాలకు వారానికి ఇంత అని ఇస్తారా? సైకిల్ తొక్కుతుండగా జరిగినా వర్తిస్తుందా? ఇంట్లో స్కూటర్‌కు కట్టిన ఇన్సూరెన్సులో 15 లక్షల ప్రమాద బీమా ఉందిగదా అని నువ్వు అనవచ్చు. అది బండి యజమానికి, లైసెన్సు ఉండి బండి నడుపుతున్నప్పుడు మాత్రమే. సైకిల్ ఎక్కినప్పుడు అది నీకు తోడు రాదు.

ఎదుటి బండి గుద్దినప్పుడు మనం ఏం కట్టినా కట్టకపోయినా చట్టం మనకు కొంత ఇచ్చింది. మోటారు బండికి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, సైకిల్ మీద ఉన్నవాళ్లు ఆ థర్డ్ పార్టీయే. బండి నంబరు దొరికితే ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో కేసు వేయవచ్చు, ఆరు నెలల్లోపు వేయాలి. నంబరు దొరక్కపోతే, గుద్దిపోయిన కేసుల పథకం కింద 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రాణం పోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50,000 ఇస్తారు. ఆ దరఖాస్తు ఆర్డీవో దగ్గర మొదలై కలెక్టర్ దగ్గర తేలుతుంది. మోటారు బండి వల్ల గాయపడ్డవాళ్లకు ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా డబ్బు అడగకుండా చికిత్స చేయాలని 2025 మే 5న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. రేషన్ కార్డు ఉన్న మీ ఇంటికి ఆరోగ్యశ్రీ ఎలాగూ ఉంది, దాని హద్దు 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షలు. వీటన్నిటికీ మూలం పోలీసు కాగితం. కింద పడ్డవాణ్ని లేపి, నీళ్లు తాగించి, ఇంటికి పంపేసి, వారం తర్వాత ఠాణాకు పోతే అన్నీ అడుగుతారు. అదే రోజు ఫిర్యాదు ఇవ్వాలి. ఆసుపత్రిలో "కింద పడ్డాడు" అని రాయనివ్వద్దు, ఏ బండి ఎక్కడ తగిలిందో రాయించాలి.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో సైకిల్ మీద పోయినవాళ్లు నాలుగున్నర వేలకు పైనే. వాళ్లలో ఎంతమంది డ్యూటీకి పోతూ పోయారో ఆ పట్టీలో ఉండదు. పాశమైలారంలో, బొల్లారంలో షిఫ్టు మారే వేళ గేటు ముందు నిలబడి చూస్తే మాత్రం సైకిల్ ఎవరిదో ఎవరికైనా అర్థమవుతుంది. సెక్యూరిటీ వాళ్లది, బిహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన పిల్లలది, క్యాంటీన్‌లో గిన్నెలు తోమే మనిషిది.

ఇంకోటి చెప్పాలి. మన వల్ల ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే? జపాన్‌లో కోబె నగరంలో 2008లో పదకొండేళ్ల పిల్లవాడు సైకిల్ మీద వేగంగా దిగుతూ నడిచి వెళ్తున్న ఒక పెద్దామెను గుద్దాడు. ఆమె మళ్లీ స్పృహలోకి రాలేదు. 2013లో కోర్టు ఆ పిల్లవాడి తల్లిని తొమ్మిదిన్నర కోట్ల యెన్లు కట్టమంది. ఆ తర్వాత 2015లో ఆ ప్రాంతపు ప్రభుత్వం సైకిల్ తొక్కే ప్రతివాళ్లూ బీమా తీసుకోవాలని నియమం పెట్టింది, మిగతా ప్రాంతాలు చాలావరకు అదే బాట పట్టాయి. అక్కడ తప్పనిసరి చేసింది సైకిల్‌కు బీమా కాదు బిడ్డా, సైకిల్ వల్ల మనిషికి జరిగే కీడుకు. మన దగ్గర అలాంటి నియమం లేదు. అయినా బడి వదిలే వేళ పిల్లల మధ్యలోంచి గేరు మార్చుకుంటూ దూసుకుపోకు.

మీ తమ్ముడు నీ సైకిల్‌కు మోటారు కిట్టు బిగిద్దామంటున్నాడట. 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్లు దాటని బ్యాటరీ సైకిల్‌ను చట్టం సైకిల్‌గానే చూస్తుంది. లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా ఏవీ అక్కర్లేదు. అది దాటితే మోటారు బండి అయిపోతుంది. ఆన్‌లైన్‌లో అమ్మే కిట్లలో చాలా వాటి శక్తి అంతకంటే ఎక్కువ. రిజిస్ట్రేషన్ లేని మోటారు బండితో ఎవరినైనా గుద్దితే ఆ పరిహారం మన ఇంట్లోంచే పోవాలి. వాడికి నేను చెప్పానని చెప్పు.

తాళానికి పోగా మిగిలిన పైసల్లో మీ నాయిన అట్లాస్‌కు వెనక ఎర్ర లైటు పెట్టించు, పెడల్స్‌కూ మడ్‌గార్డుకూ వెలుగు పడితే మెరిసే పట్టీలు అంటించు. ఇద్దరికీ హెల్మెట్లు కొను. టిప్పర్ మలుపు తిరుగుతున్నప్పుడు దాని ఎడమ పక్కకు ఎప్పుడూ పోకు. డ్రైవరుకు ఆ మూల కనబడదు. ఆగు, అది పోయాక పో. మీ నాయినకు ఈ మాట నా పేరు పెట్టి చెప్పు, నీ మాట కంటే నా మాట వింటాడు.

దుకాణంలో బీమా వద్దని మర్యాదగా చెప్పేసి రా. మూడో శనివారం బ్యాంకు తెరిచే ఉంటుంది. మీ నాయినను వెంట తీసుకుని, పాస్‌బుక్కూ ఆధారూ పట్టుకుని పో. సురక్షా బీమా ఫారం అడుగు, ఇద్దరిదీ నింపించు. నామినీగా మీ అమ్మ పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే, ఇంటిపేరుతో సహా రాయించు. అక్షరం తేడా ఉంటే రేపు తిప్పలు పడేది ఆమే. ఫారం కింది ముక్క చింపి ఇస్తారు, అదే మనకు రుజువు. రెండింటి ఫోటో తీసి నాకు పంపు, ఈఎస్ఐ నంబరుతో పాటు.